గోత్రం అడుగుతారు, జబ్బు అడగరు

తెలుగు పెళ్ళి సంబంధాల్లో అడగని ప్రశ్నంటూ ఉండదని మనకో నమ్మకం. జీతం అడుగుతారు. సొంతిల్లా అద్దిల్లా అడుగుతారు. అమెరికాలో ఉంటే వీసా ఏ రకందో అడుగుతారు. జాతకాలు తీస్తారు, పొంతనలు చూస్తారు, గోత్రం సరేసరి. కానీ "మీ ఇంట్లో పురిట్లోనో, ఏడాదిలోపో పోయిన పిల్లలున్నారా? ఎందుకు పోయారు?" అని అడిగిన పెళ్ళిపెద్దని నేనింతవరకూ చూళ్ళేదు. అడిగితే సంబంధం తప్పిపోతుంది, పైగా అపశకునం. అందుకని అందరూ మర్యాదగా నోరు మూసుకుంటారు. ఆ మర్యాదకి ఖరీదు ఎప్పుడో ఒకప్పుడు ఒకావిడ కట్టుకుంటుంది.

ఇది మేనరికాల మీద వ్యాసం కాదు. అంటే, మేనరికాల మీద మాత్రమే కాదు. నాలుగు పుస్తకాలు చదివి, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం పూట పుస్తకావిష్కరణలకి పోయే మనలాంటి వాళ్ళకి వంశపారంపర్యపు జబ్బుల గురించి తెలిసింది ఒకే ఒక్క వాక్యం: "మేనరికం చేసుకుంటే పిల్లలు అవిటివాళ్ళు పుడతారు." స్కూల్లో విన్నాం, అక్కడితో ఆగిపోయాం. ఊళ్ళో చుట్టాలమీద విసరడానికి అది బాగా పనికొస్తుంది. అయితే అది సగం నిజం. ఆ సగం నిజం మనల్ని డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా చేస్తోందనేది నా ఫిర్యాదు.

మాది కల్లూరు. కర్నూలుకి ఆనుకునే ఉంటుంది, ఇప్పుడు రెంటికీ మధ్య గీత గీయడం కష్టం. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం వింతేమీ కాదు, ఈడూ జోడూ కుదిరాక వద్దనడమే వింత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 26 శాతం మంది ఆడవాళ్ళవి దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళే. దేశం మొత్తానికి తీస్తే అది 11 శాతం. తమిళనాడు, కర్ణాటక మనకంటే ఒక మెట్టు పైనే ఉన్నాయి. దీన్ని మూఢాచారం అని కొట్టిపారేసే వాళ్ళు మెట్ట సేద్యపు ఇళ్ళని దగ్గర్నుంచి చూళ్ళేదని నా అనుమానం. వానమీద ఆధారపడ్డ నాలుగెకరాలు చీలిపోకుండా ఉండాలి. కట్నం ఎంతో కొంత తగ్గాలి. అన్నిటికంటే ముఖ్యం, కూతురు ముక్కూమొహం తెలియని ఇంట్లో పడకూడదు. మేనమామ ఇల్లయితే అత్త స్థానంలో ఉండేది అమ్మమ్మే. ఇవన్నీ లెక్కలే, పిచ్చి లెక్కలు కావు. వాటిలో ఒక లెక్క మాత్రం లేదు.

ఆ లేని లెక్క చూద్దాం. ఏ సంబంధమూ లేని ఇద్దరికి పుట్టే పిల్లల్లోనూ నూటికి రెండు మూడు పుట్టుకలోనే ఏదో ఒక పెద్ద లోపంతో వస్తాయి. బావామరదళ్ళు పెళ్ళి చేసుకుంటే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. మేనమామా మేనకోడళ్ళయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే బావామరదళ్ళకి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటే వీళ్ళకి నాలుగో వంతు ఉంటుంది. అంటే బావామరదళ్ళ పిల్లల్లో నూటికి తొంభై నాలుగైదు మంది దిట్టంగానే పుడతారు. అందుకే ఊళ్ళో పెద్దాయన "మా అమ్మానాయనది మేనరికమే, మాకేమయింది?" అంటే ఆయన మూర్ఖంగా మాట్లాడుతున్నట్టు కాదు, కళ్ళతో చూసిందే చెప్తున్నాడు. మన స్కూలు వాక్యం ఆయన అనుభవంతో గుద్దుకుంటుంది, పగిలేది వాక్యమే. ఆ ముక్కలతో పాటు అందులోని నిజాన్ని కూడా ఆయన ఊడ్చి పారబోస్తాడు.

కానీ ఆ నూటికి అయిదారు అనేది సగటు. ఊరంతా సమంగా పంచుకునే అంకె కాదు. చాలా ఇళ్ళకి ఏమీ కాదు, ఒక ఇంటికి మాత్రం వరసగా అవుతుంది. మనకి ప్రతి జన్యువూ రెండు ప్రతుల్లో ఉంటుంది, అమ్మదొకటి, నాన్నదొకటి. ఒకటి చెడినా రెండోదాంతో బండి నడుస్తుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. (మా వృత్తిలో బ్యాకప్ ఉందని నిశ్చింతగా ఉండేవాళ్ళే ఎక్కువ. అదే ఫైలు రెండు చోట్లా చెడిపోయి ఉందని తెలిసేసరికి అర్ధరాత్రి అవుతుంది.) ఇలా ఒక చెడ్డ ప్రతిని మోస్తూ ఆరోగ్యంగా తిరిగేవాళ్ళని క్యారియర్లంటారు. మీరూ నేనూ కూడా అలాంటివి కొన్ని మోస్తూనే ఉంటాం. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యువుకి క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ప్రతి కాన్పులోనూ. మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదని కాదు. నాణేనికి జ్ఞాపకం ఉండదు.

సగటు లెక్క ప్రభుత్వానికి. తన ఇంటి లెక్క ఏమిటో చెప్పమని అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషే మెడికల్ జెనెటిక్స్ డాక్టరు. గుండెకీ మోకాలికీ డాక్టర్ల పేర్లు నోటికొచ్చే మన ఇళ్ళలో, ఇలాంటి డాక్టరొకరుంటారని తెలిసినవాళ్ళు ఎంతమంది?

ఇక గోత్రం సంగతి. సగోత్రీకుల్ని చేసుకోకూడదన్న నియమాన్ని "మన పూర్వీకుల జెనెటిక్స్" అని వాట్సాప్‌లో తిప్పే ఇంజినీర్లు నాకు కనీసం అరడజను మంది తెలుసు. ఒక్క నిమిషం లెక్క వేసి ఉంటే తిప్పేవాళ్ళు కాదు. గోత్రం తండ్రి వైపునుంచే వస్తుంది. అమ్మ గోత్రం పెళ్ళితో మారిపోతుంది, అమ్మమ్మది లెక్కలోకే రాదు. ఇరవై తరాల కింద ఎక్కడో కలిసిన ఇద్దర్ని గోత్రం అడ్డుకుంటుంది. సొంత అమ్మకి తోడబుట్టినవాణ్ణి మాత్రం అడ్డుకోదు, ఎందుకంటే మేనమామ గోత్రం ఎప్పుడూ వేరే. జన్యువుల్లో నాలుగో వంతు పంచుకున్న మనిషిని "గోత్రం కలవలేదు, దివ్యంగా ఉంది" అని దాటించేసే జల్లెడ ఇది. చట్టం కూడా ఇదే దారి పట్టింది. 1955 హిందూ వివాహ చట్టం మామా మేనకోడళ్ళ పెళ్ళిని నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది, వెంటనే ఆచారం ఉన్నచోట చెల్లుతుందని తలుపు తీసిపెట్టింది. నాకు చట్టంతో పేచీ లేదు. గోత్రాన్ని సైన్సు అనడంతోనే పేచీ.

"మేం దూరం సంబంధమే చేసుకున్నాం" అని భుజాలు చరుచుకునే పట్నం వాళ్ళకి కూడా ఒక మాట ఉంది. దూరం అంటే ఎంత దూరం? కర్నూలు అబ్బాయి, గుంటూరు అమ్మాయి, కులం మాత్రం అదే. 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందాలు చేసిన పని అది. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్‌ఏ చూస్తే, 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినవని తేలింది. ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ వాళ్ళనీ, అష్కెనాజీ యూదుల్నీ అవి మించిపోయాయి. ఆ 81లో పద్నాలుగు సమూహాల జనాభా పది లక్షల పైమాటే. ఆ పరిశోధన ఎత్తిచూపిన ఉదాహరణల్లో మన ఆర్యవైశ్యులున్నారు. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలీన్ లాంటి మందుని శరీరంలో విరిచేసే ఎంజైము ఒకటుంటుంది. దాని లోపం వాళ్ళలో ఇతరులకంటే దాదాపు వందరెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్న మనిషికి మందిస్తే ఊపిరి కండరాలు తిరిగి కదలడానికి గంటలు పట్టొచ్చు. ముందే తెలిస్తే వేరే మందుంది, అంతే, సమస్యే లేదు. ఒక కులాన్ని వేలెత్తి చూపడానికి ఇది చెప్పడం లేదు. మిగతా కులాల జాబితాలు ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు, అంతే తేడా. గురజాడ 'కన్యక' చదివి కంటతడి పెట్టుకున్న మనకి, ఒక సమూహం తన గడప దాటకుండా వేల ఏళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడం కథల్లోనే కాక రక్తంలో కూడా రాసి ఉంటుందని తట్టదు.

మేనరికాన్ని వెక్కిరించి కులం లోపలే సంబంధాలు వెతుక్కునే ప్రగతిశీలం నాకు నచ్చదు. మేనరికం గట్టిగా అరిచి చేసే పనినే కులం లోపలి పెళ్ళి గొంతు తగ్గించి, తరాల మీద నింపాదిగా చేస్తుంది.

ఈ విషయాల్లో తెలుగువాళ్ళకి ఆలస్యంగా తెలిసిందని కూడా అనలేం. 1957లో ఇంగ్లండు వదిలి ఇండియాకి వచ్చేసిన జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చదువుకున్నవాడు పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు. అరవైల మొదట్లోనే ఆయన మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో రక్తసంబంధపు పెళ్ళిళ్ళ మీద పరిశోధనా పత్రాలు అచ్చువేశాడు. ఆ ద్రోణంరాజు మీద మన సాహిత్య పత్రికల్లో ఎన్ని వ్యాసాలొచ్చాయి? అదే హాల్డేన్ గురించయితే, ఆయన కమ్యూనిస్టు కాబట్టి, ఎవరో ఒకరు రాసే ఉంటారు.

సాహిత్యం దగ్గరికి వచ్చాం కాబట్టి అసలు గొడవ ఇక్కడ చెప్తాను. నేను చదివిన తెలుగు కథల్లో ఎదుగుదల లేని పిల్లవాడు కనబడ్డాడంటే వాడు పిల్లవాడుగా ఉండడు. తండ్రి చేసిన పాపానికి ఫలితంగా ఉంటాడు, లేదంటే తల్లి త్యాగానికి వేదికగా ఉంటాడు. ఎక్కువసార్లు చివరి పేరాలో చచ్చిపోయి కథకి ముగింపునిస్తాడు. వాడి జబ్బుకో పేరుండదు. ఆ పేరు కనుక్కోడానికి కథలో ఎవరూ బస్సెక్కరు. సీమ కథని చూడండి. కరువుని మనవాళ్ళు ఎంత నిశితంగా రాశారు! బోరు ఎన్ని అడుగులు పడింది, అప్పుకి వడ్డీ ఎంత, వేరుశనగ ఏ దశలో ఎండింది, అన్నీ ఉంటాయి. వాన రాకపోవడం విధి కాదు, రాజకీయం అని ఆ రచయితలే మనకి నేర్పారు. అదే చెయ్యి బిడ్డ పుట్టుక దగ్గరికొచ్చేసరికి మాత్రం విధి అని రాసేస్తుంది. బోరు లోతు తెలుసుకున్న రచయిత బిడ్డ జబ్బు పేరు తెలుసుకోలేడా? సినిమా గురించి చెప్పక్కర్లేదు. మేనమామ ఓణీ పెట్టే పాటలు పెట్టీ పెట్టీ దాన్నో పండగ చేశారు.

విధి అని రాసినచోట ఎవరు నలుగుతారో చూడండి. ఒకింట్లో ముగ్గురు పిల్లలు ఏడాదిలోపే పోయారనుకుందాం. "ఆయమ్మ కడుపు మంచిది కాదు" అంటారు. ఇద్దరి ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బుకి ఒక్కరి కడుపు ఎట్లా బాధ్యత? ఆ తర్వాత జరిగేది మా వైపు నేను విన్న పద్ధతి: మొదటామె చెల్లెల్నే రెండో పెళ్ళి చేస్తారు, కనీసం అక్కచెల్లెళ్ళు కలిసుంటారని. అతను క్యారియర్. మొదటామె క్యారియర్. చెల్లెలు కూడా క్యారియర్ అయ్యే అవకాశం కనీసం సగం. అంటే ఊరు ఉన్న ప్రమాదంలోంచి అతన్ని తప్పించలేదు, అదే ప్రమాదం ఎదురుగా ఇంకో ఆడపిల్లని నిలబెట్టింది. రెండో కాన్పు తర్వాత ఎవరైనా హైదరాబాదు తీసుకుపోయి ఉంటే ఈ కథే లేదు.

మరి ఎప్పుడు పోవాలి? దీనికి జవాబు విచిత్రంగా ఒక చట్టంలో ఉంది. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడమీదా ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు అన్న బోర్డు చూసే ఉంటారు. అది 1994 చట్టం. ఆడపిండాల్ని చంపకుండా ఆపడానికి వచ్చింది, రావలసిందే. కానీ అదే చట్టం గర్భంలో జన్యుపరీక్షలు ఏ పరిస్థితుల్లో చేయవచ్చో నాలుగో సెక్షన్లో రాసింది: తల్లి వయసు ముప్ఫై అయిదు దాటితే, రెండు అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోతే, హాని చేసే మందులూ రేడియేషన్ లాంటివి తగిలి ఉంటే, భార్యాభర్తల్లో ఎవరింట్లోనైనా బుద్ధిమాంద్యమో శరీర లోపాలో జన్యువుల జబ్బో ఉంటే. గోడమీద ఒక సగమే వేలాడుతోంది. రెండో సగం చదివినవాళ్ళు తక్కువ.

గర్భం దాకా ఆగాల్సిన పని కూడా లేదు. దగ్గరి చుట్టరికంలో పెళ్ళి కుదిరితే, లేదా అయిపోతే, మొదటి బిడ్డ కంటే ముందే పోవచ్చు. మాటిమాటికీ గర్భాలు పోతుంటే భార్యాభర్తలిద్దరూ కలిసి పోవాలి. క్రోమోజోములో ఒక ముక్క చోటు మారి ఉండటం లాంటిది భర్తలోనూ ఉండొచ్చు, అతనికే లక్షణమూ లేకుండా. పసిబిడ్డ కారణం తెలియకుండా పోతే, పోయినాక కూడా వెళ్ళాలి. ఆ బిడ్డ కోసం కాదు, తర్వాతి బిడ్డ కోసం. ఇంకా మంచిది, బిడ్డ బతికుండగానే నమూనా తీసి దాచమని అడగాలి. మెడ నిలపని, మాట రాని, ఫిట్స్ ఆగని పిల్లలున్న ఇల్లు. పుట్టు చెవుడు ఇద్దరికుంటే. నడిచే మగపిల్లాడు అయిదారేళ్ళకి మెట్లెక్కలేక, నేలమీంచి లేవడానికి మోకాళ్ళు పట్టుకుంటుంటే. అది డుషెన్ అనే కండరాల జబ్బయితే దాదాపు మూడింట రెండిళ్ళలో తల్లి క్యారియర్, కాబట్టి ఆమె అక్కచెల్లెళ్ళకి కూడా పరీక్ష అవసరం. పెద్దవాళ్ళ సంగతికొస్తే, నలభై ఏళ్ళకే రొమ్ము కేన్సరు, అండాశయం కేన్సరు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తే. ఆ జన్యువు తండ్రి వైపునుంచి కూడా వస్తుంది, "మా నాన్న వైపు కదా" అని వదిలేయకూడదు. చిన్నవయసులో ఉన్నట్టుండి గుండె ఆగిపోయినవాళ్ళున్న ఇల్లు కూడా ఇందులోకే వస్తుంది.

అక్కడ జరిగేదాంట్లో భయపడాల్సిందేమీ లేదు. మొదట రక్తం కూడా తీయరు. కాగితం తీసుకుని మూడు తరాల బొమ్మ గీస్తారు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, జబ్బున్నవాళ్ళకి నలుపు, పోయినవాళ్ళకి అడ్డగీత. భార్యాభర్తల్ని కలిపేది ఒక గీత. చుట్టరికం ఉంటే రెండు గీతలు. మా వైపు ఇళ్ళ బొమ్మలు గీస్తే రెండు గీతలు ఎన్నుంటాయో ఊహించగలను, చెట్టులా మొదలై వలలా తేలతాయి. పోయిన పిల్లల పేర్లు అక్కడ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. గోత్రం అడగరు.

ఇక అభ్యంతరాలు. మన పాఠకుల్లో వైకల్య హక్కుల గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళున్నారు, వాళ్ళడిగేది న్యాయమైన ప్రశ్న: ఇదంతా వైకల్యం ఉన్నవాళ్ళు పుట్టకుండా చేసే ఏర్పాటు కాదా? హిట్లర్ కాలం నాటి జాతి శుద్ధి పేరుతో డాక్టర్లు చేసింది తెలిసి కూడా ఈ అనుమానం రాకపోతే తప్పే. కానీ ఈ వైద్యంలో సలహా చెప్పే పద్ధతికే ఒక కట్టుబాటుంది: సమాచారం చెప్పాలి, నిర్ణయం ఇంటివాళ్ళది. పాటించనివాళ్ళుంటారు, వాళ్ళని ప్రశ్నిద్దాం. పైగా పేరు తెలిస్తే చేసేది గర్భం తీయించడం ఒక్కటే అనుకోవడం తెలియనితనం. బయోటినిడేజ్ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకి ఫిట్స్ వస్తాయి, జుట్టు ఊడుతుంది, వినికిడి పోతుంది. దానికి మందు రోజూ ఇచ్చే ఒక విటమిన్, బయోటిన్. లక్షణాలు రాకముందే మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఒక పిల్లవాడిలో బయటపడితే తోడబుట్టినవాళ్ళకి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. కాలేయం చెడకముందే పట్టుకుంటే జీవితాంతం మందులతో నిలబడతారు. ఈ పిల్లల్ని "విధి" అని వదిలేయడాన్ని ఏ హక్కుల భాషలో సమర్థిస్తాం?

డబ్బు సంగతి. 2021లో హైదరాబాదులో ఒక పసివాడికి వెన్నెముక కండరాల జబ్బుకి పదహారు కోట్ల ఇంజక్షన్ విరాళాలతో సమకూరింది. అందరం షేర్ చేశాం, మంచిపని. ఆ జబ్బుకి భార్యాభర్తలు క్యారియర్లా కాదా చూసే పరీక్ష వేలల్లో అయిపోతుంది. దాన్ని ఎవరూ షేర్ చేయలేదు. అలాగని ల్యాబులవాళ్ళు ఫోనుకి పంపే ప్యాకేజీలు కొనమని నేననను. మధ్యలో డాక్టరు లేకుండా జన్యుపరీక్ష చేయించుకుంటే చివరికి చేతికొచ్చేది "ఈ మార్పు మంచిదో చెడ్డదో చెప్పలేం" అనే పది పేజీలు, రాత్రుళ్ళు నిద్రపట్టకపోవడం. లాలాజలం సీసాలో పంపి నాలో ఎంత శాతం ఆర్యరక్తమో అని పోస్టులు పెట్టే మిత్రులకి వేరే నమస్కారం.

ఆఖరిది దూరం. కర్నూల్లో 1950ల నుంచి మెడికల్ కాలేజీ ఉంది, మా పెద్దాసుపత్రికి తెలంగాణ, కర్ణాటక సరిహద్దు ఊళ్ళనుంచి కూడా జనం వస్తారు. అయినా జన్యువుల జబ్బు అనుమానం వస్తే చూపించే దిక్కు హైదరాబాదు: నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, దాంతో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ, బేగంపేటలో ఉస్మానియా వాళ్ళ జెనెటిక్స్ ఆసుపత్రి. 2021 అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద నిమ్స్, సీడీఎఫ్‌డీలని కలిపి ఒక కేంద్రంగా గుర్తించారు. కల్లూరు నుంచి రెండొందల పది కిలోమీటర్లు. కూలిపోయే రెండు రోజులు, బస్సు ఛార్జీలు, ఫిట్స్ వచ్చే బిడ్డ ఒళ్ళో. ఇంతకంటే తేలికగా చేయొచ్చు. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు పక్కన ఒక గది, మూడు తరాల బొమ్మ గీయడం నేర్చిన ఒక నర్సు, వారానికొకసారి హైదరాబాదు డాక్టరుతో వీడియో. డీఎన్‌ఏ పరీక్షకి కావాల్సింది రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం. అది ఒక చిన్న గొట్టంలో రాత్రి బస్సుకి పోతుంది, ఇంటిల్లిపాదీ పోనక్కర్లేదు.